చోవా చూ కాంగ్‌లో మా అమ్మాయి నేర్పిన తెలుగు

పాప మా ఇంటికి వచ్చేసరికి దానికి నాలుగో ఏడు నడుస్తోంది. పాలమూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో ఉన్న పిల్లల ఆశ్రమం నుంచి తెచ్చుకున్నాం. బస్సు, రైలు, విమానం, టాక్సీ అన్నీ ఎక్కి సింగపూరులో చోవా చూ కాంగ్‌లోని మా బ్లాకు ముందు దిగేదాకా అది ఏడవలేదు, నవ్వలేదు, మాట్లాడలేదు. మావారి చూపుడువేలు మాత్రం వదల్లేదు. లిఫ్టు తలుపులు వాటంతట అవే మూసుకున్నప్పుడు ఆ వేలు ఇంకాస్త గట్టిగా పట్టుకుందని ఆయన ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంటారు.

మాది రాజమండ్రి. నేను తెలుగు ఎం.ఏ. చదివి అక్కడ హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మావారు ప్రోగ్రామరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని లోకమంతా కంగారుపడిన రోజులవి. ఆ తప్పులు ముందే దిద్దించుకోవడానికి సింగపూరులో ఒక బ్యాంకు మన వాళ్ళను చాలామందిని పిలిపించుకుంది. అలా వచ్చాం. ఆ రోజుల్లో సాయంత్రం రైలు ఎక్కితే ఏ మూల నుంచో ఒక తెలుగు మాట వినిపించేది. జీతం, ఉద్యోగపు పాసు, ఫ్లాటు, తరువాత ఏ దేశం, ఇవే కబుర్లు.

మేం క్రైస్తవులం. అప్పటి చట్టం ప్రకారం మన దేశంలో మా వాళ్ళకు పూర్తి దత్తత కుదిరేది కాదు. కోర్టు మమ్మల్ని పాపకు సంరక్షకులుగా నియమించి, సింగపూరు తీసుకెళ్ళడానికి అనుమతి ఇచ్చింది. అమ్మానాన్నలం కావాలంటే సింగపూరు కోర్టు చెప్పాలి. దానికి ముందు అక్కడి సంక్షేమ శాఖ అధికారిణి ఇంటికి వచ్చి, పిల్ల మా దగ్గర ఎలా ఉందో చూసి, కోర్టుకు తెలియజేయాలి. ఎప్పుడు వస్తారో, ఎన్నిసార్లు వస్తారో తెలియదు. అంతవరకు పాప మా ఇంట్లో ఉన్నా కాగితం మీద మా పిల్ల కాదు. 

ఆ సంగతి అటుంచితే, పాప మాతో మాట్లాడటం లేదు. పెట్టింది తినేది. పడుకోమంటే పడుకునేది. నేను నాకు తెలిసిన తెలుగంతా దాని ముందు పరిచాను. "రా తల్లీ, భోంచేద్దువుగాని", "ఇలా వచ్చి కూర్చో, నీకో మంచి కథ చెబుతాను" అనేదాన్ని. అది నా నోటివంక చూసేది. పెదాలు కదులుతున్నాయి, ఏదో చప్పుడు వస్తోంది, అన్నట్టు ఉండేది ఆ చూపు. చెవికేమైనా లోపం ఉందేమోనని ఒకరోజు వెనకనుంచి చప్పట్లు కొట్టాను. చటుక్కున తిరిగి చూసింది. చెవులు బాగానే ఉన్నాయి.

ఒకరోజు మధ్యాహ్నం పప్పన్నం కలిపి ముద్దలు పెడుతుంటే, సగం తిన్నాక పళ్ళెం కొంచెం ముందుకు జరిపి, "సల్ల" అంది.

అదే మాతో అన్న మొదటి మాట. చలి వేస్తోంది కాబోలు అనుకుని ఫ్యాను ఆపేశాను. మళ్ళీ "సల్ల" అంది. దుప్పటి తెచ్చి కప్పాను. దుప్పటి తోసేసి మళ్ళీ అదే మాట. నుదురు పట్టుకుని చూస్తే వేడిగా ఉన్నట్టే తోచింది. ఫ్యాను ఆపేసిన ఆ గదిలో ఎవరి నుదురైనా వేడిగానే ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. స్వెటరు తొడిగాను. అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది, నోరు తెరిచి, గట్టిగా. పిల్లకు చలిజ్వరం వచ్చిందని ఎత్తుకుని, కింద క్లినిక్కు వెళదామని లిఫ్టు ఎక్కాను.

కింది అంతస్తులో లిఫ్టు ఆగితే హైదరాబాదు ఆంటీ ఎక్కారు. అప్పటిదాకా మాకు నవ్వుల పరిచయమే. ఆమె, ఆమె భర్త ఆ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది. అంకుల్ ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసేవారు. ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టి, అక్కడి బళ్ళలోనే చదువుతున్నారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు. ఆమెకు తెలుగు వచ్చని కూడా నాకు తెలియదు.

ఆమె పాపను ఎగాదిగా చూశారు. "ఏమైంది బేటా, గీ ఎండల పిల్లకు స్వెటరెందుకు తొడిగినవ్?"

"చలిగా ఉందంటోంది ఆంటీ. అన్నం మధ్యలో మొదలుపెట్టింది. డాక్టరుకు చూపిద్దామని."

"ఏమన్నది?"

"సల్ల అంటోంది."

ఆంటీ నన్ను చూశారు, పాపను చూశారు. లిఫ్టు కిందికి వచ్చి తలుపులు తెరుచుకున్నా ఎవరం దిగలేదు. ఆమె కొంచెం వంగి, "సల్ల కావాల్నా బిడ్డా? బువ్వల పోస్కుంటవా?" అని అడిగారు.

పాప ఏడుపు ఆపింది. ముక్కు ఎగబీల్చి, "గప్పటి సంది అడుగుతున్న" అంది.

సల్ల అంటే చల్ల. చల్ల అంటే మజ్జిగ. చల్లకొచ్చి ముంత దాచినట్టు అన్న సామెతకు పదో తరగతి పిల్లలచేత ఏటా అర్థం రాయించినదాన్ని. అన్నంలోకి మజ్జిగ అడిగిన పిల్లకు స్వెటరు తొడిగాను. లిఫ్టులో నిలబడే స్వెటరు విప్పేశాను. ఆంటీ నవ్వలేదు. తలుపులు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ పైకి బటను నొక్కి, "పా, మా ఇంట్ల పెరుగున్నది" అన్నారు.

ఆరోజు మా అమ్మాయి వాళ్ళ వంటింటి గట్టు పక్కన స్టూలు మీద కూర్చుని మజ్జిగన్నం తింది. "ఇంకింత పొయ్యి" అంది. "ఉప్పెయ్యలే" అంది. "మీ ఇంట్ల పిల్లి ఉన్నదా" అని అడిగింది. ఆంటీ కొడుకు బడినుంచి వచ్చి, "వావ్, షీ టాక్స్ సో మచ్ లా" అంటే వాడివంక చూసి, "గీయనేం మాట్లాడుతుండు?" అంది. నేను తలుపు దగ్గర చెప్పులతోనే నిలబడి వింటున్నాను. అంత గలగలలాడే గొంతు ఇన్ని రోజులూ ఈ చిన్న పొట్టలో ఎక్కడ దాచుకుందా అనిపించింది.

మర్నాటినుంచి నేను అన్నం గిన్నె పట్టుకుని కిందికి వెళ్ళడం అలవాటైంది. పాప నాకంటే ముందే మెట్లు దిగి, వాళ్ళ గ్రిల్లు తలుపు పట్టుకుని "అవ్వా" అని పిలిచేది. ఆశ్రమంలో వండిపెట్టే ముసలావిడను అలాగే పిలిచేదట. నన్ను మాత్రం ఏమీ పిలిచేది కాదు. నా చెంగు పట్టి లాగేది, అంతే.

ఒకరోజు నా మొహం చూసి ఆంటీ తనే ఎత్తారు ఆ మాట. "నీతోని మాట్లాడుతలేదని ఫికర్ చేస్తున్నవా?"

"మరి నేనూ తెలుగే కదా ఆంటీ మాట్లాడేది."

"నీ తెలుగు మంచిగుంటది బేటా. రేడియోల వార్తలు చదివినట్లుంటది. వార్తలకు ఎవరన్న జవాబిస్తరా?"

నవ్వాను కానీ ఆ మాట లోపల దిగింది. ఆంటీ చిన్నతనమంతా వరంగల్ దిక్కు గడిచిందట. వాళ్ళ నాన్న అక్కడ బడిలో హెడ్మాస్టరు. వీధి పిల్లలందరితో తెలుగులోనే ఆడుకున్నారట. పెళ్ళయి హైదరాబాదు, అక్కణ్ణుంచి సింగపూరు వచ్చాక ఆ తెలుగు మాట్లాడటానికి మనిషే దొరకలేదన్నారు. "మీ పిల్ల వచ్చినంక నాకు నా నోరు వాపసొచ్చింది" అన్నారు.

ఆ సాయంత్రమే మావారితో చెప్పాను. పాపను మన మాటలోకి తెచ్చుకోవడం కాదు, మనమే దాని మాటలోకి వెళ్ళాలి. ఆయన కంప్యూటరు భాషలు ఎన్నో నేర్చిన మనిషి. "ఇంకోటి నేర్చుకుందాం, ఏముంది" అన్నారు తేలిగ్గా. కానీ అది తేలిక కాదు. నా నాలుక గోదావరి నాలుక. ఉల్లిపాయ అనబోయి ఉల్లిగడ్డ అనడం, చొక్కాను అంగి అనడం కష్టం కాదు. "తిన్నావా" అనే చోట "తిన్నవా" అని ఆ దీర్ఘం మింగడం కష్టం. నేను దీర్ఘం తీసినప్పుడల్లా పాప చెయ్యి అడ్డం పెట్టి ఆపేది. మొదట్లో చూపుతోనే ఆపేది. తరువాత మాటతో ఆపడం మొదలుపెట్టింది. అలా మొదలైంది మా ఇద్దరి సంభాషణ, నా తప్పులు దిద్దడంతో. "ఎక్కడికి కాదు, ఏడికి" అంటూ, నేను సరిగ్గా అనేదాకా కదలనిచ్చేది కాదు. వాళ్ళ నాన్నకు మార్కులు ఇంకా తక్కువ. ఆయన "పోదాం పా" అనబోయి "వెళదాం పా" అంటే చాలు, పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసం ఆయన కావాలని తప్పుగా అనేవారు.

ఇంతలో సంక్షేమ శాఖ ఆఫీసునుంచి పిలుపు వచ్చింది. మాట్లాడటానికి వెళ్ళి బయట బల్లమీద కూర్చుంటే, పక్కన ఒక చైనీసు జంట. ఆమె ఒళ్ళో ఏడాది నిండని మగబిడ్డ. ఒక చేత్తో పాలసీసా పట్టుకుని, ఇంకో చేత్తో సంచి వెతుకుతూ అవస్థపడుతోంది. పాప లేచివెళ్ళి, కిందపడిన సీసా మూత ఏరి ఇచ్చింది. "థాంక్యూ, గర్ల్. యు ఆల్సో వెయిటింగ్ ఆ?" అంది ఆమె. అలా స్నేహం కుదిరింది.

వాళ్ళది టోవా పాయో. ఆమె బళ్ళో లెక్కల టీచరు, అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. బాబును పక్క దేశం నుంచి తెచ్చుకున్నారు. వాళ్ళదీ మాలాంటి ఎదురుచూపే. ఆదివారం ప్రార్థన అయ్యాక మేం రైలెక్కి ఉడ్లాండ్స్ మీదుగా టోవా పాయో వెళ్ళేవాళ్ళం. రెండోసారి ఆంటీ కుటుంబాన్ని కూడా తీసుకెళ్ళాం. మూడు కుటుంబాలు ఒక హాల్లో కూర్చుంటే ఏ ఇద్దరి ఇంగ్లీషూ ఒకటి కాదు. అయినా పిల్లలను పెంచేవాళ్ళ కబుర్లకు భాష పెద్దగా అక్కర్లేదు. పిల్లాడు నిద్రపోడు, మా పిల్లకు చేపంటే ఇష్టం, ఫలానా దుకాణంలో చెప్పులు బాగుంటాయి. ఇంతే.

వాళ్ళకు ఒక బెంగ ఉండేది. అతని తల్లి అదే బ్లాకులో, పై అంతస్తులో, పెద్దకొడుకు దగ్గర ఉండేది. మనవడు వచ్చి ఇన్ని నెలలైనా చూడటానికి దిగలేదు. రోజూ సాయంత్రం బ్లాకు కింద స్తంభాల మధ్య ఉన్న ఖాళీ జాగాలో, రాతి బల్ల దగ్గర కూర్చునేది. బాబును తోపుడుబండిలో పక్కనుంచి తీసుకెళితే తల తిప్పుకునేది. రక్తం మనది కాదు అందట ఒకసారి. ఆ మాట చెబుతూ లెక్కల టీచరు కిటికీలోంచి బయటికి చూసింది.

ఆంటీ అంతా విని, "గామె ఇప్పుడు కిందనే ఉన్నదా?" అని నన్ను తెలుగులో అడిగారు. ఉందన్నాను. కొంగు సర్దుకుని లేచి, పాపను చేత పట్టుకుని కిందికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను.

ముసలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఆంటీ పక్కనే కూర్చుని, "సుదా మాకాన్, నెనెక్?" అన్నారు. తిన్నావా నాయనమ్మా, అని. ముసలమ్మ ఉలిక్కిపడి చూసింది. ఆ తరం చైనీసువాళ్ళకు మలయ్ బాగా వచ్చు. ఆంటీకి సంతలోనూ ఇరుగుపొరుగుతోనూ మాట్లాడి మాట్లాడి వచ్చింది. కాసేపు ముసలమ్మ ముక్తసరిగా జవాబిచ్చింది. తరువాత ఆమే అందుకుంది. ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో. పాప నేలమీద గళ్ళలో కుంటుకుంటూ ఆడుతోంది. నాకు ఒక్క ముక్క అర్థంకాలేదు. ముసలమ్మ ఒకసారి కళ్ళు తుడుచుకోవడం మాత్రం చూశాను.

తిరుగు రైల్లో అడిగాను. "ఏం చెప్పారు ఆంటీ ఆమెకు?"

"నేనేం చెప్పలే. ఆమెనే చెప్పింది. ఆమె సుత పెంపుడు బిడ్డనేనంట. ఆడపిల్ల పుట్టిందని అమ్మానాయిన పొత్తిళ్ళలనే ఇచ్చేసిన్రంట. ఒక మలయ్ ఇంట్ల పెరిగిందంట పెళ్ళయ్యేదాంక. నీ భాష గింత మంచిగెట్ల వచ్చింది నెనెక్ అని అడిగిన, అంతే."

"మరి ఆ సంగతి కొడుక్కు తెలియదా?"

"తెల్వకేం. ఇంట్ల ఎవరూ ఆ మాట ఎత్తరంట. అడిగేటోళ్ళు లేక ఊకున్నది."

ఆంటీ కిటికీ వైపు తిరిగి, "నిన్ను పెంచినామె మంచిదా అని అడిగిన. బహుత్ అచ్ఛీ అన్నట్లు తల ఊపింది" అన్నారు.

తరువాతి ఆదివారం మేం వెళ్ళేసరికి ముసలమ్మ హాల్లో ఉంది. ముందు బల్లమీద గిన్నెడు ఉడకబెట్టిన గుడ్లు, పెంకుల మీద ఎర్రరంగు వేసినవి. చైనీసు ఇళ్ళలో బిడ్డకు నెల నిండితే పంచేవి. ఏడాది నిండబోయే బిడ్డకు నెల గుడ్లు పంచుతోంది ఆమె. బాబును ఒళ్ళో పెట్టుకుని, మాకందరికీ తన చేత్తోనే ఇచ్చింది. పాప అరచేతులు ఎర్రగా చేసుకుని నాకు చూపించింది. లెక్కల టీచరు వంటింట్లో పంపు తిప్పి వదిలేసి, ఆ చప్పుడులో నిలబడి ఉంది. నేను వెళ్ళి పంపు కట్టేసి, భుజం మీద చెయ్యి వేశాను.

ఆ రోజుల్లోనే మావారి ఆఫీసులో ఇంకో సంగతి జరిగింది. బ్యాంకు పని ముగింపుకు వచ్చింది. కంపెనీ ఆయన్ను సిడ్నీకి, ఒక పెద్ద టీముకు నాయకుడిగా పంపుతామంది. ఆ అవకాశం కోసం ఆఫీసులో సగం మంది కాచుకుని ఉన్నారు. కానీ కోర్టు ఆర్డరు రాకుండా మేం సింగపూరు వదిలితే పాప సంగతి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆయన నన్ను అడగలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, బూట్లు విప్పుతూ చెప్పారు.

"సిడ్నీ వద్దన్నాను."

"ఏమన్నారు వాళ్ళు?"

"కారణం అడిగారు. మా అమ్మాయి కేసు కోర్టులో ఉంది, అది తేలేదాకా కదలనన్నాను. ఎంతకాలం పడుతుందన్నారు. తెలియదన్నాను."

"కోపం వచ్చిందా?"

"మేనేజరుకా? ఆయనకు ముగ్గురు పిల్లలు. కాసేపు ఆలోచించి, ఇక్కడే చిన్న పని ఉంది, చేస్తావా అన్నాడు. చేస్తానన్నాను."

ఆయన స్నేహితులు ఫోన్లు చేసి, పిచ్చిపని చేశావన్నారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. పాపను భుజం మీద ఎక్కించుకుని కింద మార్కెట్టుకు చేపలు తేవడానికి వెళ్ళారు. నేను బాల్కనీ లేని ఆ ఇంట్లో వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఇద్దరూ రోడ్డు దాటేదాకా చూశాను. పెళ్ళయిన నాటినుంచి నాకు మావారంటే ఇష్టమే. గర్వం మాత్రం ఆరోజు కలిగింది.

చివరికి అధికారిణి ఇంటికి వచ్చే రోజు వచ్చింది. నేను పొద్దుటినుంచి గచ్చు తుడిచిందే తుడిచాను. ఆంటీ పైకి వచ్చి, "గంత తుడువకు, జారిపడుతది ఆమె" అని బట్ట లాక్కున్నారు. అధికారిణి సింగపూరు తమిళావిడ. నడివయసు, తెల్లబడుతున్న జుట్టు, మెత్తని గొంతు. ఇల్లంతా చూసింది. పాప మంచం, బొమ్మలు, గోడమీద అది గీసిన పిల్లి. మావారిని కొన్ని ప్రశ్నలు, నన్ను కొన్ని ప్రశ్నలు అడిగింది. తరువాత నేలమీద పాప ఎదురుగా కూర్చుంది. "నీకు ఇక్కడ బాగుందా అని అడగండి" అంది నాతో ఇంగ్లీషులో.

"నీకీడ మంచిగున్నదా బిడ్డా?" అన్నాను.

"మంచిగనే ఉన్నది" అంది పాప, పెన్సిలు చెక్కుతూ.

"ఈమె ఎవరు, అని అడగండి" అంటూ అధికారిణి నావైపు చెయ్యి చూపింది.

నేను ఆ ప్రశ్న ఎలా అడగాలి? నా గురించి నేనే. పాపకు చెయ్యి చూపించడంతోనే ప్రశ్న అర్థమైంది. నావంక ఒకసారి చూసి, ఆమెకు విడమరిచి చెప్పింది.

"మా అమ్మ. ఈమెకు తెలుగు సక్కగ రాదు. నేను నేర్పిస్తున్న."

అంతకుముందు ఆ మాట నేను దాని నోట వినలేదు. మావారు కిటికీ వైపు తిరిగిపోయారు. అధికారిణి నా తర్జుమా కోసం ఎదురుచూస్తోంది. మొదటి మాట ఆమెకు నేను తర్జుమా చేయనక్కర్లేదు, తమిళంలోనూ అదే మాట. మిగతాది చెప్పాను, ఉన్నదున్నట్టు. ఆమె పెన్ను పక్కన పెట్టి నవ్వింది. "మీరు టీచరని చెప్పారు. ఏ సబ్జెక్టు?" అని అడిగింది.

"తెలుగు" అన్నాను.

ఆమె ఇంకా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూనే. ఎందుకు నవ్వుతున్నామో తెలియక పాప మా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది.

కోర్టులో పని అనుకున్నదానికంటే తొందరగా అయిపోయింది. జడ్జిగారు కాగితాలు చూసి, పాపను చూసి, ఆర్డరు ఇస్తున్నానన్నారు. బయటికి వచ్చాక మావారు పాపతో, "ఇగ నువ్వు మా బిడ్డవే" అన్నారు. పాప, "మరి గిన్నొద్దులు?" అంది. ఇన్ని రోజులూ మా బిడ్డే కదా, నిజమే అనుకుని దాన్ని భుజం మీదికి ఎక్కించుకున్నారు.

అప్పటికి టోవా పాయో వాళ్ళకూ ఆర్డరు వచ్చి ఉంది. ఆరోజు అందరం వాళ్ళ బ్లాకు దగ్గర, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటరులో కలిశాం. ఆంటీ పిల్లలు ముందే వెళ్ళి, రెండు బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసి, అంటే అక్కడి పద్ధతిలో మాకు చోటు పట్టి ఉంచారు. ముసలమ్మ కొత్త జాకెట్టు వేసుకుని వచ్చింది. అంకుల్ హలాల్ దుకాణం నుంచి పళ్ళేలు మోసుకొచ్చారు. పాప ముసలమ్మకు "మాకాన్, మాకాన్" అని చెంచా అందించింది. ఆంటీ నా పక్కన కూర్చుని ఏమీ తినకుండా చూస్తున్నారు. నేను పళ్ళెం ఆమె ముందుకు జరిపి, "తినున్రి ఆంటీ" అన్నాను. ఆమె ఆ మాటకు తలెత్తి చూసి, "ఇప్పుడొచ్చింది నీకు" అన్నారు.

ఆ మరుసటి ఏడు అక్కడి తెలుగువాళ్ళు పిల్లల చేత కార్యక్రమం పెట్టించారు. చాలామంది పిల్లలు పద్యాలు బట్టీపట్టి, ఇంగ్లీషు యాసలో అప్పజెప్పి దిగిపోయారు. పాప వంతు వచ్చింది. నేను నేర్పిన కథ కాదు, ఆశ్రమంలో అవ్వ చెప్పిన నక్క కథ చెబుతానంది. సరేనన్నాను. మైకు దానికి అందక ఎవరో కిందికి వంచారు. "ఒకూర్ల ఒక నక్క ఉండె" అని మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ, నక్క గొంతు వేరు, ముసల్ది గొంతు వేరు పెట్టి చెప్పసాగింది. వెనక వరసల్లో కొందరు ముందుకు వంగి వింటున్నారు. వాళ్ళలో ఒకాయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, పెదాలు కదుపుతూ ఆ మాటలే తనూ అంటున్నాడు. ఎన్నాళ్ళకో విన్నాడు కాబోలు.

"ఊరోళ్ళందరు ఉరికొచ్చిన్రు" అంది పాప.

ముందు వరసలో కార్యక్రమం పెద్ద ఒకాయన, మంచివాడే, మా గోదావరి వైపు మనిషే, ప్రేమగానే అన్నాడు. "వచ్చిన్రు కాదమ్మా, వచ్చారు అనాలి. పరిగెత్తుకుంటూ వచ్చారు. ఏదీ, మళ్ళీ చెప్పు."

పాప ఆగిపోయింది. నావైపు చూసింది. తప్పా అని అడుగుతున్నాయి కళ్ళు.

నేను లేచి నిలబడ్డాను. బళ్ళో అన్నేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు, పైకెత్తాల్సిన పని లేకుండానే వినిపిస్తుంది. "అది తప్పు కాదండీ. మా ఇంట్లో అలాగే అంటాం. కథ దాన్ని చెప్పనివ్వండి" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి, ఒక్క క్షణం తటపటాయించి, "చెప్పమ్మా, చెప్పు. నీ ఇష్టం వచ్చినట్టే చెప్పు" అన్నాడు. వెనక వరసలోంచి కళ్ళజోడు తీసిన మనిషి చప్పట్లు మొదలుపెట్టాడు. మావారు నా చీర కొంగు లాగి కూర్చోమన్నారు గానీ ఆయన మొహం వెలిగిపోతోంది. ఆంటీ అటువైపు కూర్చుని, మెటికలు విరిచి దిష్టి తీస్తున్నారు, పాపకో నాకో తెలియలేదు.

పాప మైకు సర్దుకుంది. ఎక్కడ ఆపిందో గుర్తుందా లేదా అని నాకు భయం. దానికి అన్నీ గుర్తే. "ఊరోళ్ళందరు ఉరికొచ్చిన్రు" అని, ఈసారి ఇంకాస్త గట్టిగా అని, నక్క పారిపోయిన దారి చేత్తో చూపించింది.